పురిటి కోత మానువఱకు



ప్రసవమైన ఇంట శిశువును గుఱించిన వార్త ఒక్క పూటలో బంధువర్గమంతటికిని చేరును. బిడ్డ ఎంత బరువున్నదో, ఎవరి పోలిక వచ్చినదో, పాలు పట్టుచున్నదో లేదో వచ్చిన ప్రతివారును అడిగి తెలిసికొందురు. కాని ఆ బిడ్డను కను సమయమున తల్లి దేహమునకు తగిలిన గాయము మానుచున్నదా యని అడుగువారు అరుదు. అడిగినను ఉన్నదున్నట్లు చెప్పు తల్లులు మఱింత అరుదు. గాయము గోప్యస్థానమునందున్నది గనుక దానిని గుఱించిన మాటయు గోప్యమైపోయినది. తగిన కాలమున చెప్పియుండినచో రెండు దినములలో నయము కాదగిన బాధలు, చెప్పకపోవుటచే, నెలలకొలది సాగుచున్నవి. కావున 'కుట్లు పడినవి' అని మన ఆడువారు రెండు మాటలలో చెప్పి ఊరకుండునట్టియు, వైద్యులు ఎపిసియాటమీ యని వ్యవహరించునట్టియు కోతను గుఱించి, అది మాను క్రమమును గుఱించి, మానకున్నచో పొడసూపు చిహ్నములను గుఱించి నేడు సంకోచము విడిచి మనవిచేయదలచితిని.

ముందుగా ఈ కోత యెట్టిదో తెలిసికొందము. ప్రసవముయొక్క రెండవ దశయందు శిశువు శిరస్సు వెలుపలికి కనబడుచు, అచటి చర్మము సాగి పలుచనైనప్పుడు, యోనిద్వారమునకును మలద్వారమునకును నడుమనున్న ప్రదేశమును మత్తుసూదితో తిమ్మిరెక్కించి, కత్తెరతో కత్తిరించి ద్వారమును వెడల్పు చేయుదురు. నిట్టనిలువుగా క్రిందికి కత్తిరించినచో మలద్వారమును బిగించియుంచు కండరవలయము తెగు ప్రమాదము హెచ్చు గనుక, మన దేశమున ఒక ప్రక్కకు ఏటవాలుగా, మధ్యరేఖనుండి సుమారు 60 డిగ్రీల కోణమున, కత్తిరించుట యుక్తమని వైద్యులు బోధింతురు. ఈ కోత చర్మమును, యోనికుడ్యమును, వాని దిగువనున్న కండరములను ఛేదించును. కత్తెర తగులకయే ప్రసవవేళ సహజముగా కలుగు చీలికలను వైద్యశాస్త్రము నాలుగు తరగతులుగా విభజించినది. చర్మము మాత్రము చీలినది మొదటి తరగతి. కండరము చీలినది రెండవది. మలద్వార వలయము చీలినది మూడవది. దానిని దాటి మలాశయపు లోపొరయు చీలినది నాలుగవది. లోతును బట్టి చూచినచో ఈ కోత రెండవ తరగతి చీలికతో సమానము.

ఇది నూతన క్రియ కాదు. డబ్లిన్ నగరమునందలి ప్రసూతి వైద్యుడగు ఫీల్డింగ్ ఔల్డ్ 1742లో తాను ప్రకటించిన గ్రంథమున, కష్టప్రసవములయందు దీనిని చేయవచ్చునని వ్రాసెను. అమెరికాలో చికాగో నగరమునందలి జోసెఫ్ డీలీ యను సుప్రసిద్ధ వైద్యుడు 1920లో, తొలిచూలు కాన్పులందు ముందుజాగ్రత్తగా ఈ కోతను చేయుటయే తల్లికిని బిడ్డకును క్షేమమని వాదించెను. ఆయన మాట పాశ్చాత్యదేశముల ప్రసూతిశాలలలో ఆచారమై, అచటినుండి తక్కిన దేశములకు ప్రాకి, తొలికాన్పు స్త్రీకి కోత తప్పదను భావము పాదుకొనినది. కాని ఆచారమును పరీక్షకు పెట్టినప్పుడు ఫలితము వేఱుగా తేలినది. అర్జెంటీనా దేశమున 2,606 మంది స్త్రీలపై జరిగి 1993లో వెలువడిన పరిశోధనయు, పండ్రెండు అధ్యయనములను క్రోడీకరించి 2017లో ప్రకటింపబడిన కాక్రేన్ సమీక్షయు, అందఱికిని కోత పెట్టుటకంటె అవసరమైనవారికి మాత్రమే పెట్టుట మేలని తేల్చినవి. అట్లు చేసినచోట తీవ్రమైన చీలికలు సుమారు 30 శాతము తక్కువగా కనబడినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, సహజముగా జరుగు ప్రసవములందు ఈ కోతను రివాజుగా చేయరాదని స్పష్టముగా ప్రకటించినది. అయినను శిశువు హృదయస్పందన కుంటుపడి శీఘ్రముగా వెలికి తీయవలసినప్పుడు, పటకారువంటి సాధనముతో శిరస్సును పట్టి తీయవలసినప్పుడు, ఇంకను కొన్ని విశేషపరిస్థితులయందు, కోత మేలు చేయును. కావున కోత పెట్టిన వైద్యురాలిని శంకించుట తగదు. 'నాకు కోత అవసరమగునా, ఎందువలన?' అని ముందుగానే అడుగుటయు తప్పు కాదు. తొలిచూలు గర్భిణి 35వ వారమునుండి ఆ ప్రదేశమును మృదువుగా మర్దనము చేసికొనుట నేర్చినచో కోత పడు అవకాశము కొంత తగ్గుననియు, కాన్పు సమయమున అచట గోరువెచ్చని గుడ్డ అదిమి పట్టుటవలన తీవ్రమైన చీలికలు తగ్గుననియు పరిశోధనలు తెలుపుచున్నవి.

ఇక కుట్టు సంగతి. మాయ వెలువడిన పిదప యోనికుడ్యమును, కండరములను, చర్మమును వరుసగా కూర్చి కుట్టుదురు. ఇప్పుడు వాడు దారము దేహమునందు తనంతట కరగిపోవునది. దానిని విప్పవలసిన పని లేదు. శీఘ్రముగా కరగు రకపు దారము రెండు వారములలో పట్టు సడలి, సుమారు 42 దినములకు పూర్తిగా కరగిపోవును. అందుచే పదిదినములు గడచిన తరువాత స్నానవేళ దారపు తునక యొకటి చేతికి తగిలినను, గుడ్డమీద కనబడినను, గాయము విచ్చుకొనలేదు సుమా, భయపడరాదు. కుట్టుటకు పూర్వమును, కుట్టిన పిమ్మటను మలద్వారమున వ్రేలుంచి పరీక్షించుట మంచి వైద్యవిధానము. వలయమునకు తగిలిన దెబ్బ ఆ పరీక్షవలననే బయటపడును, లోపల దారము మలాశయములోనికి దిగినదా యనునదియు తెలియును.

ఈ గాయము మామూలుగా ఎట్లు మానునో ఎఱిగిన తల్లికి, ఎక్కడ దారితప్పినదో గుర్తించుట సులభము. మొదటి రెండు మూడు దినములు వాపును, సలుపును, కూర్చుండునప్పుడు లాగినట్లుండుటయు సహజము. అటు తరువాత దినదినమునకు నొప్పి తగ్గుటయే ఆరోగ్యలక్షణము. రెండు మూడు వారములకు పైచర్మము అతుకుకొనును. లోపలి కండరములు బలపడుటకు 4 నుండి 6 వారములు పట్టును. మానుచున్న గాయమున దురద పుట్టుట కద్దు. తగ్గుచు వచ్చిన నొప్పి మరల పెరుగుటయే సహజము కానిది. ఈ ఒక్క సూత్రమును ప్రతి బాలింతయు, ఆమెను కనిపెట్టియున్న ప్రతి తల్లియు, అత్తయు మనసున నిలుపుకొనినచో చాలును.

మొదటి దినమున వాపు తగ్గుటకు మంచు ఉపకరించును. కాని మంచుగడ్డను నేరుగా చర్మముపై పెట్టరాదు. శుభ్రమైన గుడ్డలో చుట్టి పది నుండి ఇరువది నిమిషముల వఱకు ఉంచి తీసివేయవలెను. 'బాలింతకు చలువ తగులరాదు' అను భయముతో పెద్దలు దీనికి అడ్డుచెప్పుట కద్దు. గాయమున్నచోట కొన్ని నిమిషములు తగిలిన చల్లదనము దేహమునకు శైత్యము చేయదు. కాన్పైన 6 గంటలలోగా మూత్రము విడుచుట ముఖ్యము. నొప్పికి వెఱచి ఆపుకొనినచో మూత్రాశయము ఉబ్బి, గర్భాశయము ముడుచుకొనక, రక్తస్రావము హెచ్చగును. మూత్రము తగిలి మంట పుట్టుచున్నచో, విడుచుచున్నంతసేపును చెంబుతో గోరువెచ్చని నీరు ధారగా పోసికొనినయెడల మంట తగ్గును.

ఒక దినము గడచిన పిదప, శుభ్రమైన వెడల్పాటి తొట్టిలో గోరువెచ్చని నీరు పోసి, దినమునకు రెండు మూడు పర్యాయములు, పది పదిహేను నిమిషములు అందు కూర్చుండుట హాయినిచ్చును. ఆ నీటిలో ఘాటైన క్రిమిసంహారక ద్రవములు కలుపనక్కఱలేదు. అవి మానుచున్న చర్మమును మండించును. గాయముపై పసుపు ముద్దలు, నూనెలు, బూడిదలు పూయుటయు, మంచము క్రింద కుంపటి పెట్టి గాయమునకు నేరుగా సెగ తగిలించుటయు మానవలెను. పూతవలన మలినము చేరును, సెగవలన ఆ లేతచర్మము కాలును. కడుగుకొనునప్పుడు ముందునుండి వెనుకకే కడుగవలెను. వెనుకనుండి ముందునకు కడిగినచో మలమునందలి సూక్ష్మజీవులు గాయమును చేరును. తరువాత రుద్దక, మెత్తని గుడ్డతో అద్ది ఆర్చవలెను. ప్యాడును నాలుగు గంటలకొకమాఱు మార్చవలెను. గుడ్డలు వాడువారు వానిని సబ్బుతో ఉతికి, చాటున నీడలో కాక, ఎండలో ఆరవేయవలెను. ముట్టుకొనుటకు ముందును పిదపను చేతులు కడుగుకొనుటను ఎంత నొక్కి చెప్పినను తక్కువయే.

నొప్పిని ఓర్చుకొనుట గొప్పయను భావము మన స్త్రీలలో గాఢముగా నాటుకొనియున్నది. నొప్పితో నలుగుచున్న తల్లి సరిగా కూర్చుండలేదు, బిడ్డకు నెమ్మదిగా పాలీయలేదు, నిద్రింపలేదు. పారాసిటమాలును, వైద్యులు అనుమతించినచో ఐబూప్రొఫెనును, పాలిచ్చు తల్లులు చెప్పిన మోతాదులో నిర్భయముగా వాడవచ్చును. ప్రక్కకు ఒత్తిగిలి పండుకొని పాలిచ్చుట నేర్చుకొన్నచో గాయముపై భారము పడదు.

ఇక పథ్యమును గుఱించి చెప్పవలెను; ఏలయన, మన ఇండ్లలో ఈ గాయమునకు అపకారము ఎక్కువగా ప్రేమచేతనే జరుగుచున్నది. నీరు త్రాగినచో పొట్ట పెరుగునని దాహమైనను గ్రుక్కెడు నీళ్ళతో సరిపెట్టుట, పండ్లు చలువచేయునని మాన్పించుట, కూరలు పడవని పథ్యపు కారముతో పిడికెడన్నము పెట్టుట మన ప్రాంతముల అనేక కుటుంబములలో నేటికిని ఉన్నది. దీని ఫలితము మలబద్ధము. గట్టిపడిన మలమును ముక్కి విసర్జించునప్పుడు కుట్లపై పడు ఒత్తిడి అంతింత కాదు. ఆ బాధకు భయపడి తల్లి మలమును ఆపుకొనును. ఆపుకొనిన కొలది మలము మఱింత గట్టిపడును. పాలిచ్చు తల్లికి నీరు ఇతరులకంటె హెచ్చుగా కావలెను. ఆమె దాహము తీరునంత నీరు, పప్పు, ఆకుకూరలు, జామ, బొప్పాయి, అరటివంటి పండ్లు నిస్సందేహముగా ఈయవలెను. అప్పటికిని విరేచనము కానిచో మలమును మెత్తపఱచు ఔషధమును వైద్యులనడిగి తీసికొనవలెను. విసర్జన సమయమున శుభ్రమైన ప్యాడుతో కుట్లను మృదువుగా అదిమి పట్టుకొన్నచో కుట్లు తెగుననెడి భయము తగ్గును. నేలపీటపై గొంతుకూర్చొనుట కష్టమైనచో కొన్నిదినములు కమోడు కుర్చీ వాడుట మంచిది.

విశ్రాంతి అనగా మంచము దిగకుండుట కాదు. ఇంటిలో నెమ్మదిగా నడచినచో రక్తప్రసారము చక్కబడి గాయము త్వరగా మానును, కాళ్ళ సిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదమును తగ్గును. బరువులెత్తుట, నీళ్ళబిందెలు మోయుట, బట్టలుతుకుట 6 వారములవఱకు ఇంటిలో మఱియొకరు చేయవలెను. అమెరికా దేశపు వైద్యుడగు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారములోనికి తెచ్చిన కటికండర వ్యాయామము ఈ దశలో మిక్కిలి మేలు చేయును. మూత్రమును, అపానవాయువును ఆపుకొనునప్పుడు బిగించు కండరములను బిగించి, కొన్ని క్షణములుంచి, వదలవలెను. ఒక్కొక్కమాఱు ఎనిమిది పది సారులు, దినమునకు మూడు పర్యాయములు, నొప్పి కలుగనంత మేరకు చేయవచ్చును. దీనికి స్థలమక్కఱలేదు, సాధనమక్కఱలేదు; పడుకొనియే చేయవచ్చును.

ఇప్పుడు ఉపద్రవములను గుఱించి చెప్పెదను. మొదటి దినమున అత్యంత జాగ్రత్తగా కనిపెట్టవలసినవి రెండు. ఒకటి రక్తస్రావము: ఒక గంటలోనే ప్యాడు పూర్తిగా తడిసిపోవుచున్నను, పెద్ద గడ్డలు పడుచున్నను, తల్లి ముఖము పాలిపోయి కళ్ళు తిరుగుచున్నను, క్షణమైనను ఆలసింపరాదు. రెండవది, లోపలి రక్తనాళము చిట్లి, బయటికి రాక, కండలలోనే రక్తము గుమిగూడుట. అప్పుడు ఒక ప్రక్క వాపు ఎక్కువై, మాత్రలకు లొంగని తీవ్రమైన నొప్పియు, మలద్వారముపై ఏదియో నొక్కుచున్నట్లు భావమును కలుగును. బయట రక్తము కనబడదు గనుక ఇది కుట్ల నొప్పియే యని త్రోసివేయుదురు. ఆ త్రోసివేతయే అపాయకరము. కాన్పు సుఖముగా జరిగినను తల్లిని 48 గంటలు ఆసుపత్రిలో ఉంచుమని వైద్యులు చెప్పుటకు ఇట్టివియు కారణములు.

మూడవ దినము మొదలు రెండవ వారము చివఱవఱకు వ్రణదోషము కలుగు కాలము. 38 డిగ్రీల సెల్సియసు, అనగా ఫారెన్‌హీటులో వంద దాటిన జ్వరము, చలి, కుట్లచుట్టును ఎఱుపు, చీము, దుర్గంధము, తగ్గినట్లే తగ్గి మరల పెరిగిన నొప్పి దీని చిహ్నములు. మధుమేహము, రక్తహీనత గలవారికి ఇది సోకు అవకాశము హెచ్చు. ఈ దోషము కారణముగానే కొందఱికి కుట్లు విచ్చుకొనును. అట్లు జరిగినచో తల్లి తాను చేసిన యే తప్పువలననో యని కుమిలిపోరాదు. చిన్న విచ్చిక శుభ్రపఱచుచుండగా అడుగునుండి తానే పూడుకొనివచ్చును. పెద్దదైనచో దోషము తొలగిన పిదప మరల కుట్టుదురు. దుర్గంధమైన స్రావము ఎడతెగక కారుచున్నప్పుడు తలపవలసిన మఱియొక కారణము, కుట్టు సమయమున లోపల మఱచిపోయిన దూదియో గుడ్డయో. పరీక్షించి తీసివేసినచో బాధ తగ్గును. కండలు కుళ్ళిపోవునంతటి తీవ్రవ్యాధి అత్యరుదు. చర్మము నల్లబడి, నొప్పి గాయపు పరిమాణమును మించి, జ్వరము విజృంభించినచో వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

కొన్ని బాధలు ఆలస్యముగా తలయెత్తును. అపానవాయువు ఆపుకొనలేకపోవుట, మలము వచ్చుచున్నదన్న తలపు కలిగిన మఱుక్షణమే పరుగెత్తవలసివచ్చుట, లోదుస్తులకు మలము అంటుట మలద్వార వలయమునకు తగిలిన దెబ్బకు చిహ్నములు. యోనిమార్గమున వాయువుగాని మలముగాని వెలువడినచో మలాశయమునకును యోనికిని నడుమ రంధ్రమేర్పడినదని తలంపవలెను. దీనిని శస్త్రచికిత్సచే బాగుచేయవచ్చును. వలయము చీలిన సంగతిని కాన్పుగదిలోనే గుర్తించి సరిగా కుట్టినచో, నూటికి 60 నుండి 80 మంది ఒక సంవత్సరమునాటికి ఏ బాధయు లేక ఉందురని వైద్యులు చెప్పుదురు. అయినను ఈ బాధను ఏండ్లతరబడి భర్తకైన చెప్పక, పెండ్లిళ్ళకు పేరంటములకు పోవుట మాని, ఇంటిలోనే ముడుచుకొని బ్రతుకు స్త్రీలున్నారు. వారితో ఒక్క మాట: ఇది మీ దోషము కాదు, దీనికి చికిత్స కలదు.

దాంపత్యవిషయమును వదలిపెట్టినచో ఈ ప్రసంగము అసంపూర్ణమగును. గాయము మాని, నొప్పి తగ్గి, రక్తస్రావము నిలిచి, తల్లి మనసు సమ్మతించువఱకు భర్త వేచియుండవలెను. సామాన్యముగా 6 వారముల పరీక్ష జరిగిన పిమ్మట అని చెప్పుదురు గాని, ఆ గడువు ఆజ్ఞ కాదు. అంతకంటె ఎక్కువకాలము కావలసినచో అదియు సహజమే. పాలిచ్చు కాలమున ఈస్ట్రోజను తక్కువై యోని పొడిబాఱును. అందుచే నొప్పి కలిగినచో నీటితో చేసిన జిగురు లేపనము ఉపకరించును. నెలలు గడచినను నొప్పి పోనిచో మచ్చ బిగిసియుండవచ్చును, మాననిచోట ఎఱ్ఱని కండ పెరిగియుండవచ్చును. రెండింటికిని సులభమైన ఉపాయములున్నవి.

మన రాష్ట్రములందు ఆసుపత్రిలో కాన్పైన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములందు రావలసియున్నది. ఆమె బిడ్డను తూచి వెడలిపోకుండ, తలుపు దగ్గఱగా వేసి, కుట్ల సంగతి అడుగవలెను. తల్లియు దాచక చెప్పవలెను. రక్తస్రావముగాని, జ్వరముగాని, భరింపరాని నొప్పిగాని కలిగినచో 108కి ఫోను చేసినయెడల వాహనము ఉచితముగా వచ్చును.

తల్లులారా, ఈ గాయము నూటికి అధికసంఖ్యాకులకు ఏ చిక్కును లేక మానునదే. మానని కొలదిమందికి కలుగు హానిలో హెచ్చుభాగము ఆలస్యమువలన కలుగునది. ఆ ఆలస్యమునకు కారణము సిగ్గు. కావున అత్తలకు, అమ్మలకు, భర్తలకు నా విన్నపమిది. బిడ్డ పాలు త్రాగినదా యని అడిగిన ప్రతిమాఱును, నీ నొప్పి నిన్నటికంటె తగ్గినదా యని తల్లిని గూడ అడుగుడు. తగ్గలేదని ఆమె చెప్పినచో, ఆనాడే వైద్యునియొద్దకు తీసికొనిపొండు.